ఇరవై ఏళ్ళ ప్యాసింజరు

ఆ రోజు ఉదయం కండక్టరమ్మ పెట్టుకున్న పనులు రెండే. అక్వేరియం షాపుకి వెళ్ళి ఉప్పు తెచ్చుకోవాలి, బుల్లోడు ఇంకెన్నాళ్ళు బతుకుతాడో కనుక్కోవాలి. బుల్లోడంటే చేప. బొటనవేలంత ఉంటాడు. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు. హాల్లో గోడవారనున్న గాజు తొట్టిలో, పగడపు రాళ్ళ మధ్య వాడొక్కడిదే రాజ్యం.

ఆ తొట్టి వాళ్ళాయన పెట్టించింది. ఆయన డ్రైవరు, ఆవిడ కండక్టరు. ఒకే బస్సులో ఇరవై ఆరేళ్ళు తిరిగారు. రిటైరయ్యాక సముద్రాన్ని ఇంట్లోకి తెస్తానని ఉబలాటపడి, తొట్టి కట్టించి, చేపని తెచ్చి, ఆర్నెల్లు తిరక్కుండానే ఆయన దాటిపోయాడు. "చిన్న చేపేనే, మహా అయితే రెండేళ్ళు" అని ఆయన అన్న మాట పట్టుకుని ఆవిడ మూడేళ్ళుగా నీళ్ళు మారుస్తోంది. బుల్లోడిలో ముసలితనం ఛాయలేవీ కనిపించడం లేదు. పైగా ఈ మధ్య కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

షాపతను ఉప్పు సంచీ మూతి కడుతూ నవ్వాడు.

"రెండేళ్ళని ఎవరు చెప్పారమ్మా? బాగా చూసుకుంటే ఈ రకం ఇరవై ఏళ్ళుంటుంది. మా దగ్గరే పద్దెనిమిదేళ్ళది ఉంది, చూస్తారా?"

"ఇంత లేడు, వాడికి ఇరవై ఏళ్ళా?"

"ఒళ్ళు చూసి ఆయుష్షు ఇవ్వరమ్మా."

జీవితమంతా చిల్లర లెక్కలు చూసిన బుర్ర కనక, షాపు మెట్లు దిగేలోపే లెక్క తేలింది. తనకి అరవై తొమ్మిది. బుల్లోడికి ఇంకా పదిహేడేళ్ళుంది. అంటే వాడు ఆఖరి స్టాపు చేరేసరికి తనకి ఎనభై ఆరు. పుట్టింట్లో ఎవరూ డెబ్భై ఐదు దాటలేదు.

ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ప్యాసింజరుని బస్సులో వదిలేసి తాను ముందు దిగిన పాపాన పోలేదు. డ్యూటీ మారితే వచ్చే కండక్టరుకి కాగితం రాసిచ్చి, ఎవరెక్కడ దిగుతారో చెప్పి, సంతకం పెట్టించుకున్నాకే కదిలేది. డ్రైవరుగారు చెప్పాపెట్టకుండా దిగిపోయారు. తానూ అదే పని చేస్తే బుల్లోడికి దిక్కెవరు? సంచీ మధ్యాహ్నం తీసుకుంటానని అక్కడే ఉంచి, మనిషిని వెతకడానికి బయల్దేరింది.

వీధి మలుపులో కౌంటరు వెనక మందుల షాపాయన కనిపించాడు. డబ్బా మీద తేదీ రెండుసార్లు చూడందే మాత్ర ఇవ్వని మనిషి.

"ఏమయ్యా, మీ నాన్న ఎన్నేళ్ళు బతికాడు?"

ఆయన తడబడ్డాడు. "ఎనభై ఎనిమిదండీ. ఏం?"

"తాత?"

"తొంభై నాలుగు. మాది గట్టి వంశం లెండి. మొన్ననే మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే నాలుగు కిలోలు!"

"బీపీ, షుగరు?"

"పాపకా?"

"నీకయ్యా!"

"అమ్మడమే గానీ ఇంతవరకూ నేనొక్క మాత్ర మింగలేదు. ఇంతకీ ఏమైందండీ?"

"ఏముంది, నాకిక టైం చాలదని ఇవాళే తెలిసింది. నా తర్వాత చూసుకోడానికి నమ్మకమైన మనిషి కావాలి. నీ పేరు మనసులో పెట్టుకుంటాలే" అని ఆవిడ చక్కా వెళ్ళిపోయింది. మందుల షాపాయన చేతిలో ఉన్న దగ్గు మందు కౌంటరు మీద పెట్టి, ఆవిడ కోడలు పనిచేసే బడికి ఫోను చేశాడు.

కండక్టరమ్మ ఇంటికొచ్చి, డిపో అలవాటు ప్రకారం కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

"నా డ్యూటీ ఎప్పుడైనా ముగియవచ్చు. తర్వాత చార్జి తీసుకునేవారు గమనించవలసినవి: ఉప్పునీళ్ళు పదిహేను రోజులకోసారి. లైటు రోజుకి ఎనిమిది గంటలు. తిండి చిటికెడు, అంతకు మించరాదు. చార్జి తీసుకునేవారి సంతకం: ............"

ఇంట్లో చేప ఒకటే ఉన్నప్పుడు ఎవరి గురించో వేరే రాయడం దేనికని రాయలేదు. భోంచేసి, ఉప్పు కోసం మళ్ళీ బయల్దేరింది.

ఆవిడ అటు వెళ్ళగానే కోడలు ఆయాసపడుతూ ఇంటికి వచ్చింది. కాగితం చదివి, ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి భర్తకి ఫోను చేసింది.

"ఏమండీ, అత్తయ్య ఉప్పునీళ్ళ వైద్యమేదో చేయించుకుంటున్నారు. చిటికెడే తింటున్నారట!"

"పొద్దున నాకంటే ఎక్కువే తిందే!"

"మన ముందు నటిస్తున్నారండీ. పోయాక ఫొటో దగ్గర లైటు రోజూ ఎనిమిది గంటలు వెలగాలట. అదీ రాసిపెట్టారు."

కొడుకు ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి నిలబడ్డాడు. దారిలో డాక్టరుని ఎక్కించుకున్నాడు, బడి నుంచి కూతుర్ని తెచ్చాడు. ఊరికే ఉండలేక మందుల షాపాయన కూడా షట్టరు దించి వచ్చాడు.

భుజాన సంచీతో తిరిగొచ్చిన కండక్టరమ్మ గుమ్మంలో ఆగిపోయింది. తన వాకిట్లో అన్ని జతల చెప్పులు ఆయన పోయిన రోజే చూసింది. లోపల కోడలు ముక్కు చీదుతోంది.

"బుల్లోడా!" అంటూ సంచీ పడేసి తొట్టి దగ్గరికి పరిగెత్తింది. బుల్లోడు రాయి వెనక నుంచి వచ్చి, అద్దానికి మూతి ఆనించి, తిండేదీ అన్నట్టు చూశాడు.

"బాగానే ఉన్నాడుగా! మరెవరు పోయారే?"

తొమ్మిదేళ్ళ మనవరాలు చెప్పింది. "నువ్వే నాన్నమ్మా."

డాక్టరు ఆవిడని బలవంతంగా కూర్చోబెట్టి, నాడి చూసి, బీపీ చూసి, మళ్ళీ చూశాడు. "ఏమిటమ్మా మీ బాధ?"

"పదిహేడేళ్ళు తక్కువ పడుతున్నాయి" అని కండక్టరమ్మ మొత్తం లెక్క విప్పి చెప్పింది.

కొడుకు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా సోఫాలో కూలబడ్డాడు. డాక్టరు మిషను సంచిలో పెట్టుకుంటూ, "నా బీపీ కంటే మీదే బాగుందమ్మా. ఎనభై ఆరు మీకో లెక్కా? అప్పటికి మిమ్మల్ని చూసేందుకు నేనుంటానో లేదో" అన్నాడు.

ఈలోగా మనవరాలు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టేసింది.

"ఏయ్! బళ్ళో ఇచ్చిన మొక్కని వారంలో ఎండబెట్టావు, నీకు ప్రాణిని అప్పగిస్తానా?"

"అప్పుడు నాకు ఏడేళ్ళు నాన్నమ్మా. బుల్లోడు ఆఖరి స్టాపులో దిగేసరికి నాకు ఇరవై ఆరు. చూస్కో లెక్క!"

కండక్టరమ్మ లెక్క చూసుకుంది. సరిగ్గానే ఉంది. మూడేళ్ళలో మొదటిసారి, ఆ తొట్టి ముందు తాను ఒంటరిగా నిలబడలేదనిపించింది. "రేపటి నుంచి ట్రైనింగు. ఆలస్యమైతే ఊరుకోను" అంది.

సాయంత్రం కొడుకు అక్వేరియం షాపు నుంచి నీళ్ళు నింపిన సంచీ మోసుకొచ్చాడు. అందులో పువ్వు విచ్చుకున్నట్టు మెత్తటి వేళ్ళు ఊపుతూ ఏదో ఉంది.

"ఎనిమోన్ అంటారమ్మా. పువ్వులా ఉంది గానీ ఇదీ ప్రాణే. బుల్లోడు ఇందులో దూరి పడుకుంటాడట. ఇక నీకే బెంగా వద్దు."

బుల్లోడు పుట్టిల్లు దొరికినట్టు ఆ వేళ్ళ మధ్య దొర్లాడు. కండక్టరమ్మ ముచ్చటపడి చూసింది. తర్వాత, చూసీచూడనట్టు అడిగింది.

"ఎన్నాళ్ళుంటుందట ఇది?"

"దాని గురించి నిశ్చింతగా ఉండమన్నాడమ్మా షాపతను. ఎనభై ఏళ్ళు బతికినవి కూడా ఉన్నాయట!"

కండక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, రెండో కాగితం తీసి, మందుల షాపాయన మనవరాలికి పేరేం పెట్టారో కనుక్కు రమ్మని ట్రైనీని పంపింది.