పాచియోలీ గారి రెండు గళ్లు

మానవజాతి సుఖదుఃఖాలన్నిటికీ రెండు గళ్లు చాలునని గల్ఫ్ రేవు షువైఖ్‌లోని ఒక గోదాము కంపెనీ నిర్ధారించింది. ఇందుకు మూలపురుషుడు లూకా పాచియోలీ. ఐదు వందల ఏళ్ల కిందటి ఇటలీ సన్యాసి, లెక్కల పంతులు. ఆస్తి మీద ఆశ వదిలేస్తానని దీక్ష పట్టి, ఊరూరూ తిరిగి పాఠాలు చెప్పి, చివరికి షావుకార్లు తమ ఆస్తికి లెక్కలెలా రాసుకోవాలో పుస్తకం అచ్చేయించాడు. (బ్రహ్మచారి కాపురం పాఠాలు చెప్పడమంటే ఇదే.) పోయినదానికొక గడి, వచ్చినదానికొక గడి, రెండూ సరితూగాలి. అంతే.

కంపెనీ సమతౌల్య అధికారి జాన్‌బాబు (ఆ పదవిని సృష్టించిందీ, అందులో కూర్చున్నదీ ఆయనే) ఈ సూత్రాన్ని సెలవులకు వర్తింపజేశాడు.

అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి ఆ గోదాములో మూటలు మోసే చిన్నపుల్లయ్యకు పొద్దున్నే ఫోన్ వచ్చింది. తల్లిలేని అతన్ని పెంచిన అవ్వ పోయింది. మనవడు వచ్చేదాకా శవాన్ని ఆపుతామన్నారు. అతను కళ్లు తుడుచుకుని సెలవు యాప్ తెరిచి, ‘పోయినది’ గడిలో అవ్వ పేరు కొట్టాడు. ‘వచ్చినది’ గడి నింపందే దరఖాస్తు కదల్లేదు.

"ఏందన్నా ఇది, మనిషి పోయినంక వచ్చేదేముంటాది?" అని తోటి హమాలీ మహబూబ్ బాషాను అడిగాడు.

"ఏదో ఒగటి కొట్టబ్బా. ఖాళీగా ఉంటే అది పోదు."

చిన్నపుల్లయ్యకు అబద్ధం చేతకాదు. పోయిన నెల పుట్టిన కూతురిని రాశాడు. తానింకా ఎత్తుకోని బిడ్డ. యాప్ పచ్చగా వెలిగింది. అతను పెట్టె సర్దుకున్నాడు.

మధ్యాహ్నం జాన్‌బాబు పిలిపించాడు. "కూర్చోవయ్యా. నీకు సానుభూతి రాశాను. అభినందన కూడా రాశాను. రెండూ చెల్లుకు చెల్లయిపోయాయి."

"మట్టి చేసేకి నేను పోవల్ల సార్. మా యవ్వకు నేను తప్ప ఎవరూ లేరు."

"అలాగంటే ఎలాగయ్యా? మీ ఇంట్లో తలలు తగ్గలేదు కదా. నష్టముంటేనే సెలవు."

"అట్లయితే నా బిడ్డను చూసొస్తా సార్."

"అది లాభం. లాభానికి సెలవేంటి? ఖలాస్, వెళ్లు."

ఊళ్లో మర్నాటిదాకా చూసి, అవ్వను మట్టి చేశారు. గోదాములో చిన్నపుల్లయ్య మూటలు దించి, గోడవైపు తిరిగి ఏడ్చినంతసేపటి జీతం కోశారు. కోసింది అతని ‘పోయినది’లోనూ, కంపెనీ ‘వచ్చినది’లోనూ పడింది. రెండు గళ్లూ సరితూగాయి.