అధ్యక్షులవారు కాలువ నీళ్ళు తాగిన వైనం

ఆరోగ్య రక్షణ సంఘం అధ్యక్షులు శ్రీ వెంకోబరావుగారు గురువారం ఉదయం సరిగ్గా పది గంటలకు ప్రజల సమక్షంలో తుంగభద్ర కాలువ నీళ్ళు తాగి, వాటిలో కామెర్లు లేవని రుజువు చేస్తారని మా క్యాంపులో కరపత్రాలు పంచారు. అప్పటికి గోరేబాళ ఊరి పక్కన, కాలువ కింద సేద్యానికి వలస వచ్చినవాళ్ళం కట్టుకున్న మా క్యాంపులో పదకొండు మంది కామెర్లతో మంచాన ఉన్నారు. ఒక పెద్దమనిషి అంత సాహసం చేస్తుంటే మంచాన పడ్డవాళ్ళ మాట పట్టించుకోవడం మర్యాద కాదు.

ఆ రోజు తొమ్మిదిన్నరకి ఆయన బంట్రోతు కిష్టప్ప మా వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“అమ్మా, సారు తాగే కాల్వ నీళ్ళు మీ ఇంట్ల కాచిపెట్టుమన్నరు. బాగ మసలాలంట.”

“ఆ నీళ్ళలో ఏమీ లేదన్నారుగా కిష్టప్పా?”

“లేదమ్మా. లేనిదాన్ని గూడ సంపాలె గద!”

బి.ఏ. చదివాను గాని ఇంత సైన్సు నాకు తెలియదు. నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. మా పొలంలో నాట్లేసే చెన్నవ్వ గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

“కాస్తె ఏమైతదమ్మా?”

“తాగినవాళ్ళకి ఏమీ కాదు చెన్నవ్వా.”

 చెన్నవ్వ కోడలు బసవ్వకి ఏడో నెల. నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు, కళ్ళు పచ్చబడిపోయాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు ప్రాణాల మీదికి తెస్తుందని, వెంటనే రాయచూరు తీసుకెళ్ళమని కాంపౌండరు చెప్పాడు. క్యాంపుకి బస్సు లేదు. వచ్చిన బండి అధ్యక్షులవారి జీపు ఒక్కటే.

సభకి ముందు వైద్య పరీక్షలు జరిగాయి. వెంకోబరావుగారు నల్ల కళ్ళద్దాలు తియ్యకుండానే వరసగా అందరి కళ్ళూ చూశారు. ఒక్కరి కంట్లోనూ పసుపు కనిపించలేదు. బసవ్వ కళ్ళలోనూ.

“నా కోడల్ని జీపుల రాయచూరు దాక తీస్కపోతె పున్నెముంటది సార్,” అంది చెన్నవ్వ.

“ఏం జబ్బని తీస్కపోవాలె? కామెర్లు లేవని ఇప్పుడే రాసిన. లేని జబ్బుకు సర్కారు జీపు ఇస్తె రేపు పైవాళ్ళు నన్నడుగుతరు!”

పదయింది. నీళ్ళు చల్లారలేదని నేను మొత్తుకున్నా, “టైమంటె టైమేనమ్మా” అంటూ కిష్టప్ప చెంబుకి తడిగుడ్డ చుట్టి, బంతిపూల దండ వేసి అందించాడు.

వెంకోబరావుగారు ఆచారం గలవారు. పరాయి ఇంటి చెంబుకి పెదవి తగలనివ్వరు. తలెత్తి, నోరు బాగా తెరిచి, జానెడు ఎత్తునుంచి ధారగా పోసుకున్నారు.

మైకు పుణ్యమా అని ఆ కేక పక్క క్యాంపువాళ్ళు కూడా విన్నారు.

“కాల్వ నీళ్ళు గింత ఉడుకెట్లున్నయమ్మా?” అంది చెన్నవ్వ గట్టిగా. జనమంతా ఒక్కసారి కాలువ వైపు చూశారు.

అధ్యక్షులవారిని ఎక్కించుకుని జీపు హడావిడిగా రాయచూరు ఆసుపత్రికి బయల్దేరబోయింది. చెన్నవ్వ కోడల్ని వెనక సీట్లోకి ఎక్కించి, తనూ ఎక్కి, “మేం గూడ వస్తం సార్,” అంది. వద్దనడానికి నాలుక కావాలి. ఆ క్షణాన అధ్యక్షులవారి దగ్గర అది లేదు.

బసవ్వ బతికింది. బిడ్డ దక్కలేదు.

అధ్యక్షులవారు తాగే నీళ్ళే తామూ తాగుతామని ఆడవాళ్ళంతా పట్టుబట్టడంతో, మర్నాటి నుంచి క్యాంపులో ప్రతి పొయ్యి మీదా కాలువ నీళ్ళు మసిలాయి.

ఏడాది చివర సంఘం వారి నివేదిక అచ్చయి వచ్చింది. అందులో మా క్యాంపు గురించి రెండే ముక్కలు:

కామెర్లు – లేవు.

కాలువ నీళ్ళు తాగి ఆసుపత్రి పాలైనవారు – ఒకరు. శ్రీ వెంకోబరావు, అధ్యక్షులు.