బిస్కెట్ల డబ్బాలో మూడో ప్రతి

“రెయిడ్ లేని ఇల్లూ, తాళం లేని రికార్డు గదీ ఒక్కటే!”

ఇండోనేషియాలోని మలాంగ్ నగరంలో, భూమి రికార్డుల కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన విర్యత్మో గారు ఈ ప్రకటన చేశారు. ఆ సమావేశానికి అధ్యక్షులు ఆయనే. సభ్యులు మొత్తం ఒకరు, భార్య సుమియర్సిహ్. ఆవిడ అప్పుడు వంకాయలు తరుగుతోంది.

రెయిడ్ అంటే, కంప్యూటర్లో ఒక డిస్కు మీద ఎక్కినదంతా అదే క్షణంలో రెండో డిస్కు మీదా ఎక్కే ఏర్పాటు. ఒకటి చచ్చినా రెండోది ఆదుకుంటుంది. నెల క్రితం వరకూ విర్యత్మో గారికి ఈ సంగతే తెలియదు. వీధి పెద్ద గునాది ఇంటి ముందు గదిలో పచ్చ దీపాలు మిణుకుమనే నల్లపెట్టె కనబడింది. “మా ఇల్లు రెయిడ్ మీద నడుస్తోంది పాక్” అన్నాడు గునాది, ‘అయ్యగారూ’ అనే ఆ ఊరి పిలుపుతో టీ అందిస్తూ. ఆ టీ ఈయనకు ఇంతవరకూ అరగలేదు.

“అయితే అమ్మ వీడియో భద్రంగా ఉంటుందా?” అంది సుమియర్సిహ్.

వాళ్లమ్మ పోయి ఆరేళ్లయింది. పోయేముందు నల్లగింజల మాంసం పులుసు వండుతూ, మాట్లాడుతూ ఉండగా తీసిన పదకొండు నిమిషాల వీడియో అది. ఆవిడ గొంతు మిగిలింది అందులోనే. ఉపవాసాల నెల ముగిసి లెబరాన్ పండుగ రాగానే చెల్లెళ్లిద్దరూ బ్లితార్ నుంచి వస్తారు. ముందు అమ్మను చూస్తారు, తరువాతే భోజనం.

“రెండు ప్రతులుంటాయి. ఇంకేం కావాలి నీకు?”

“ఏమో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బిస్కెట్ల డబ్బాలో పడేస్తే పోలా?”

“నలుగురూ వింటే నవ్విపోతారు. ప్రతిపాదన తిరస్కరించడమైనది.”

కంప్యూటర్ల కొట్టు నడిపే రెత్నో కూడా నిజమే చెప్పింది. “ఇంటికి ఇది తప్పనిసరేం కాదు పాక్. విడిగా ఇంకోచోట ఒక ప్రతి దాచుకుంటే చాలు. డిస్కు పాడైతే ఇది కాపాడుద్ది. మీరే పొరపాటున ఏదైనా చెరిపేశారనుకోండి, రెండింట్లోనూ చెరిగిపోద్ది.”

“పొరపాట్లు కిందివాళ్లు చేస్తారమ్మా. నేను సంతకం పెట్టేవాణ్ణి” అన్నారాయన.

పెట్టె వచ్చింది. ఇంట్లోని దస్త్రాలన్నీ, అమ్మ వీడియోతో సహా, దానిలోకి మారాయి. ముందు గదిలో, గుమ్మంలోంచే కనబడేలా, బిస్కెట్ల డబ్బా పక్కన కొలువు తీరింది. ఆ డబ్బా ప్రతి ఇంట్లోనూ ఉండేదే. మూత మీద రకరకాల బిస్కెట్ల బొమ్మలుంటాయి, మూత తీస్తే రెంగినాంగ్ అనే బియ్యపు వడియాలుంటాయి. అతిథులకు ఆ సంగతి తెలుసు. అయినా ప్రతి ఏడూ ఆశగానే మూత తీస్తారు.

పండుగకు రెండ్రోజుల ముందు, కొత్త పెట్టెలో పాత చెత్త ఉండటం మర్యాద కాదని ఆయనకు తోచింది. కార్యాలయపు నియమం నాలుక చివరే ఉంది: ఐదేళ్లుగా కదలిక లేని దస్త్రాలను ధ్వంసం చేయవలెను. దస్త్రాలను తేదీల వారీగా పేర్చి, ఐదేళ్లు దాటినవాటిని ఒక్క వేటుకు చెరిపేశారు. పేర్లు చూడలేదు. నియమంలో పేర్ల ప్రస్తావన లేదు మరి.

పండుగనాడు చెల్లెళ్లు చాప మీద కూర్చున్నారు. శుభాకాంక్షలు చెప్పడానికి గునాది కూడా వచ్చి కుర్చీలో సర్దుకున్నాడు. విర్యత్మో గారు టీవీ పెట్టారు. అమ్మ లేదు.

“కంగారు పడకండి. ఇందుకే కదా రెయిడ్” అంటూ ఒక డిస్కు ఊడబెరికారు. రెండో డిస్కులో వెతికారు. రెండోది మహా విశ్వాసపాత్రురాలు. మొదటిదానిలో లేనిది దానిలోనూ లేదు.

అప్పుడు ఆయనకు తేదీలు గుర్తొచ్చాయి. “ఇంకో గరిటె వేసుకో యత్మో” అని కొసరి వడ్డించిన అత్తగారిని తన చేత్తోనే ధ్వంసం చేశానని తెలిసి, ఊడబెరికిన డిస్కును మళ్లీ దాని గూట్లోకి దూర్చబోయారు. చిన్న మరదలు కొంగుతో కళ్లొత్తుకుంది.

సుమియర్సిహ్ లేచింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి, వడియాల కింద చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పెన్‌డ్రైవ్ బయటకు తీసింది.

టీవీలో అమ్మ నవ్వింది. “ఈ నల్లగింజలున్నాయే, పైకి అన్నీ ఒక్కలాగే నిగనిగలాడతాయి. ప్రతిదీ పగలగొట్టి నాలిక్కి రాసుకుని చూడాలే అమ్మాయ్. ఒక్క చేదుది పడిందా, కుండంతా పారబొయ్యాల్సిందే.”

పులుసు వడ్డించేసరికి విర్యత్మో గారి గొంతు తిరిగొచ్చింది. “మూడో ప్రతి విడిగా ఉండాలని నేను ముందే ఆదేశించాను” అన్నారు అందరికీ వినబడేలా. భార్య గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

వెళ్లేముందు గునాది ఆయన్ను వరండాలోకి లాగాడు. “పాక్, ఆ కొట్టావిడ మా పెట్టెలో కూడా డిస్కులు పెడుతుందంటారా?”

“ఉన్నవి పాడయ్యాయా?”

“అసలు డిస్కులే లేవండీ. ఇప్పటిదాకా దీపాలే ఉన్నాయి.”

ఆ రహస్యాన్ని ఇద్దరూ గౌరవంగా పంచుకున్నారు. వారం తిరక్కుండానే వీధిలో ఇంటింటికీ తీర్మానం అందింది: ప్రతి కుటుంబమూ ముఖ్యమైన దస్త్రాల అదనపు ప్రతిని బిస్కెట్ల డబ్బాలో భద్రపరచవలెను. రూపకల్పన, విర్యత్మో. ఆమోదం, గునాది.

సుమియర్సిహ్ దాన్ని రెండుసార్లు చదివింది. తరువాత లేచి, డబ్బాలోని పెన్‌డ్రైవ్ తీసి బియ్యం డ్రమ్ము అడుగున పెట్టింది. ఆ సంగతి మాత్రం అధ్యక్షులవారికి చెప్పలేదు.