ఒంటి బూటు సర్కారు

సంకీర్ణ ప్రభుత్వాన్ని తిట్టేవాళ్ల నోళ్లు పడిపోవాలి! ఒకే పార్టీ ఏలితే మజా ఏముంది? గెలిచినవాడు గెలుస్తాడు, ఓడినవాడు ఇంట్లో కూర్చుంటాడు. సంకీర్ణంలో అలా కాదు. గెలిచినవాడు మంత్రి, ఓడినవాడూ మంత్రి, ఎటూ తేలనివాడు ఇద్దరికన్నా పెద్ద మంత్రి! ఇంత సమానత్వం ఇంకెక్కడ దొరుకుతుంది?

నమ్మకం లేకపోతే రాయచూరులో బస్సెక్కి, దేవసూగూరులో దిగి, ఉలిగప్పను అడగండి.

ఉలిగప్ప అక్కడి థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. బొగ్గు బెల్టు దగ్గర పని. పని కన్నా పార్టీ అంటే ప్రాణం. ఆ పార్టీ పేరు చెప్పడం దండగ, మీరు చదివేలోగా మారిపోవచ్చు. ఒక ఎన్నికలో అది చిత్తుగా ఓడిపోయేసరికి ఉలిగప్పకు రోషం పొడుచుకొచ్చింది. సూగూరేశ్వరుడి ముందు నిలబడి, "మా పార్టీ ఢిల్లీల సర్కారుకొచ్చేదాకా కాళ్లకేమీ తొడుగను స్వామీ!" అని మొక్కుకున్నాడు.

దేవుడికి అభ్యంతరం లేదు. ప్లాంటు గేటుకే ఉంది! అక్కడ సేఫ్టీ బూట్లు లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు. ఉలిగప్ప పని పోయింది. గేటు బయట బూడిద లారీలకు టార్పాలిన్ కట్టే పని దొరికింది, సగం కూలికి. రాయచూరు ఎండలో, తారురోడ్డు మీద, వట్టికాళ్లతో! భార్య శరణమ్మ రోజూ ఆ అరికాళ్లకు వెన్న రాస్తూ పార్టీ ఏడు తరాలనూ తిట్టేది. పార్టీ పుట్టి ఏడేళ్లు కూడా కాలేదు పాపం.

తర్వాతి ఎన్నికలో దేవుడు కరుణించాడు. ఎవరికీ మెజారిటీ రాలేదు! దేశమంతా తల పట్టుకుంటే ఉలిగప్ప పార్టీ మీసం మెలేసింది. దానికొచ్చినవి నాలుగే సీట్లు. అయితేనేం? కూరలో ఉప్పు ఎంతుంటుంది?

శరణమ్మ అప్పటికప్పుడు రాయచూరు బజారుకు పోయి కొత్త బూట్లు కొనుక్కొచ్చింది. అంతలో రేడియోలో వార్త. ఆ పార్టీ ప్రభుత్వంలో చేరదట. బయటి నుంచి మద్దతు ఇస్తుందట!

ఇప్పుడు పార్టీ సర్కారుకొచ్చినట్టా, రానట్టా? ఉలిగప్ప బూట్లు చంకలో పెట్టుకుని బాపయ్య టీ హోటల్‌కు పరుగెత్తాడు. బాపయ్య తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డారు. రోజూ రెండు పేపర్లు తెప్పిస్తాడు కాబట్టి ఆ వీధికి ఆయనే రాజ్యాంగ నిపుణుడు.

"చూడు ఉలిగప్పా, మీవాళ్లు పూర్తిగా లోపలా లేరు, పూర్తిగా బయటా లేరు. సగమేగా వచ్చింది? నువ్వూ సగమే వేసుకో. ఒక కాలికి!"

సుప్రీంకోర్టు కూడా ఇంత సులువుగా తేల్చగలదా? సోమవారం పొద్దున ఉలిగప్ప కుడికాలికి బూటు తొడిగి, ఎడమకాలు వట్టిదే పెట్టుకుని పాత పని కోసం గేటుకు పోయాడు. సెక్యూరిటీ ఆంజనేయ రూల్సు మనిషి. పై నుంచి కిందికి చూశాడు.

"బూటున్న కాలు లోపలికి రానీ. లేని కాలు బయటనే ఉండాలె. రూలంటె రూలే."

ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట, లారీ వచ్చినప్పుడల్లా పక్కకు జరుగుతూ ఉలిగప్ప షిఫ్టంతా నిలబడ్డాడు. ఢిల్లీలో ఆయన పార్టీ చేస్తున్నదీ అదే కదా! కాకపోతే పార్టీకి రెండు వైపులా విందులు. ఉలిగప్పకు ఏ వైపు నుంచీ కూలి రాలేదు. మర్నాటి నుంచి ఆ ఒక్క బూటూ ఇంట్లోనే పెట్టి, మళ్లీ వట్టికాళ్లతో లారీల దగ్గరికే పోయాడు.

నెల తిరక్కుండానే పార్టీ అలిగింది. అలక తీర్చడానికి దాని నాయకుణ్ణి మంత్రిని చేశారు. ఏ శాఖ అంటారా? దేవసూగూరులో జరిగిన సన్మానసభలో ఆయనే పక్కవాణ్ణి అడిగి చెప్పారు. ఆ సభలోనే ఉలిగప్ప వేదికెక్కి ఆయన కాళ్లకు మొక్కాడు.

"అన్నా, మొక్కు తీరినట్టేనా? ఇగ రెండు కాళ్లకూ ఎయ్యొచ్చునా?"

మంత్రిగారు ఆ పగిలిన పాదాలు చూసి చలించిపోయారు. వెంటనే ఫొటోగ్రాఫర్‌ను దగ్గరికి పిలిచారు.

"గిట్లాంటి కార్యకర్త ఏ పార్టీకన్న ఉన్నడా? తమ్మీ, ఇది పదమూడు పార్టీల సర్కారు. మనకు సొంతంగ మెజారిటీ వచ్చేదాకా ఆ కాళ్లు అట్లనే ఉంచు!"

చప్పట్లు మారుమోగాయి! పార్టీ పోటీ చేసేదే పదకొండు సీట్లకు.

సభ కాగానే మంత్రిగారు ప్లాంటు తనిఖీకి కదిలారు. ఆంజనేయ ఆయన్నూ గేటు దగ్గర ఆపి, ఆఫీసులో ఉంచిన సేఫ్టీ బూట్లు చేతికిచ్చాడు. మరి విప్పిన చెప్పులు ఎవరికివ్వాలి? చుట్టూ ఉన్నవాళ్లంతా కూటమి పార్టీల వాళ్లు! కచ్చితంగా తొడుక్కోనివాడు ఒక్కడే కనిపించాడు.

"తమ్మీ, పట్టుకో."

ఉలిగప్ప పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం, కాళ్ల కింద తారు కరుగుతోంది. లోపల మంత్రిగారు చల్లటి గదిలో జీడిపప్పు తింటున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఉలిగప్పకు తన మీద తనకే జాలేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పులు కింద పెట్టి కాళ్లు దూర్చాడు. వెడల్పైపోయిన పాదాలకు అవి సగమే పట్టాయి. అలాగే ఇంటి దాకా నడిచాడు.

శరణమ్మ గడపలోంచే చూసింది. "ఏంది, సర్కారొచ్చెనా?"

"వచ్చింది. గేటు కాడ చెప్పులు నా చేతికిచ్చి లోపలికి పోయిండు. రేపట్నుంచి నేను రెండు బూట్లేసుకుని పనికి పోత. స్వామికి నేను చెప్పుకుంట."

ఆమె బూట్లు తీసి దుమ్ము తుడవసాగింది.

అక్కడ తనిఖీ ముగిసింది. రూలు ప్రకారం ఆంజనేయ బూట్లు వెనక్కి తీసేసుకున్నాడు. కారు రోడ్డుకు అవతల ఉంది. మంత్రిగారు వట్టికాళ్లతో తారు మీద గంతులేస్తూ "తమ్మీ! తమ్మీ!" అని కేకలు పెట్టారు. పేరు పెట్టి పిలుద్దామంటే, ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారైనా అడిగితే కదా!