స్టాకులో ఉన్న నవ్వు

ఈ సంవత్సరాన్ని ప్రభుత్వం 'చిరునవ్వుల పాలనా సంవత్సరం'గా ప్రకటించింది. ప్రజల ముఖాల్లో నవ్వు చూడటమే తమ ఏకైక ధ్యేయమనీ, అందుకు ముందుగా ప్రభుత్వమే నవ్వి చూపిస్తుందనీ, ఆ బరువైన బాధ్యతను ప్రజాసంక్షేమ శాఖ మంత్రిగారు స్వచ్ఛందంగా నెత్తికెత్తుకున్నారనీ పత్రికా ప్రకటనలో ఉంది. కరెంటు స్తంభానికొకటి చొప్పున నలభై వేల పోస్టర్లు వెయ్యాలన్న తీర్మానం కూడా అయిపోయింది. అంతా సవ్యంగానే ఉంది. ఒక్కటే చిన్న లోటు. మంత్రిగారు నవ్వగా చూసినవాళ్లు ఈ భూమ్మీద లేరు.

ఆయన పుట్టినప్పుడు ఏడవను కూడా లేదట. చుట్టూ ఉన్నవాళ్లని సంజాయిషీ అడుగుతున్నట్టు ఒక్క చూపు చూశారట. చేతుల్లోకి తీసుకున్న నర్సు బెదిరిపోయి "గుడ్ మార్నింగ్ సార్" అందని చెప్పుకుంటారు. అబద్ధమై ఉండదు, ఆయన్ని చూసినవాళ్లకి తెలుస్తుంది.

అంతటి మహానుభావుణ్ణి నవ్వించే భారం తిరిగి తిరిగి, ఒక బట్టల కొట్టు పైన, మేడ మీది రెండు గదుల ఆఫీసులో, కిటికీ పక్కన కూర్చునే ఒక గ్రాఫిక్ డిజైనరు మీద వచ్చి పడింది.

మనవాడిది పదిహేడేళ్ల సర్వీసు. పదిహేడేళ్లూ ఒకటే కుర్చీ. దానికి ఒక చక్రం ఊడిపోయింది కాబట్టి అది ఎటు వాలితే మనవాడి అభిప్రాయమూ అటే వాలేది. వచ్చిన కస్టమరుకి అదే నచ్చేది. చేసిన పనులు వీధివీధినా ఉన్నాయి. కళ్లద్దాల షాపు బోర్డు, బేకరీ డబ్బా, తప్పిపోయిన కుక్క పోస్టరు. వేటి మీదా మనవాడి పేరు లేదు. కుక్క పేరు మాత్రం ఉంది. 'మీరేం చేస్తుంటారు?' అని ఎవరైనా అడిగితే, "పొద్దున్న ఎడమవైపున్నదాన్ని కుడివైపుకి జరుపుతానండీ. సాయంత్రానికి మళ్లీ ఎడమవైపుకి జరుపుతాను" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. తను నవ్వేవాడు కాదు. అందులో జోకేమీ లేదు మరి.

ఆ రోజు పొద్దున పదింటికి మంత్రిగారి పీఏ మెట్లెక్కి వచ్చాడు. వెనకే ఓనరు. ఓనరుని చాటుగా అందరూ 'అర్జంటు సారు' అంటారు. ఆయన నోటెంట అర్జంటు కాని పని ఇంతవరకూ రాలేదు. వచ్చే ఏడాది క్యాలెండరు కూడా అర్జంటే.

"రేపు పొద్దున ప్రింటుకెళ్లాలి. సాయంత్రం లోపల నవ్వాలి," అన్నాడు పీఏ.

"ఎవరు సార్, నేనా?"

"నువ్వు నవ్వితే ఎవడిక్కావాలయ్యా! మంత్రిగారు."

"నవ్వుతున్న ఫోటో ఒకటివ్వండి సార్, పెట్టేస్తాను."

"అదే ఉంటే ఇన్ని మెట్లు ఎందుకెక్కుతాను?"

పెన్‌డ్రైవ్‌లో మూడు వందల పన్నెండు ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ మంత్రిగారు ఎవరినో సస్పెండ్ చెయ్యబోతున్నారు. ఒక్కదాంట్లో పళ్లు కనిపించాయి. పక్క టేబుల్ దగ్గర టైపు చేసే డీటీపీ అక్క మెడ చాచి చూసి, "అది తుమ్ము, తమ్ముడూ" అని తేల్చేసింది.

"పోనీ సార్, ఆయన్నే ఒక్కసారి నవ్వమంటే?"

"అడిగాం. 'ఎందుకు?' అన్నారు. మా దగ్గర కారణం దొరకలేదు."

పీఏ కింద టీ తాగడానికి వెళ్లాడు. అర్జంటు సారు మాత్రం కుర్చీ వెనకే నిలబడ్డాడు. "చూడు బాబూ, ఈ పని పోతే గవర్నమెంటు ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే ఆఫీసు మూతే. నువ్వూ, నేనూ, అక్కా ముగ్గురం ఆ మెట్ల మీదే కూర్చోవాలి. అయిందా?"

"ఇంకా మొదలెట్టలేదు సార్."

"మొదలెట్టకపోతే ఎప్పటికవుతుంది? అయిందా?"

మనవాడు మౌసుతో మంత్రిగారి పెదవుల చివర్లు పట్టుకుని పైకి లాగాడు. ఆయనకి పంటి నొప్పి వచ్చింది. ఇంకాస్త లాగితే, సస్పెండ్ చేసేసి తృప్తి పడుతున్నట్టున్నారు. టూత్‌పేస్టు ప్రకటనలో కుర్రాడి నవ్వు తెచ్చి పెడితే, "ముఖం ఒక పార్టీలో ఉంది, పళ్లు ఇంకో పార్టీలో ఉన్నాయి" అంది అక్క.

మధ్యాహ్నం మూడయింది. అర్జంటు సారు 'అయిందా' అనడం కూడా మానేసి ఊపిరి మాత్రం తీస్తున్నాడు. అది ఇంకా భరించలేక మనవాడు లేచి, ఫోను అక్క చేతికిచ్చి, కిటికీ వెలుతురులో నిలబడ్డాడు.

"అక్కా, నాదొక ఫోటో తియ్యి."

"సరే, నవ్వు."

"ఎందుకక్కా?"

అక్క దగ్గరా కారణం లేదు. మనవాడు చాలాసేపు వెతుక్కున్నాడు. చివరికి తన పదిహేడేళ్ల సర్వీసుని మొదట్నుంచీ ఒకసారి తలుచుకున్నాడు. కుక్క పోస్టరు దాకా వచ్చేసరికి నవ్వొచ్చేసింది. ఆగమన్నా ఆగలేదు.

ఆ నవ్వుని పెదాలతో సహా కత్తిరించి, రంగు కలిపి, మంత్రిగారికి అమర్చాడు. మనవాడికి పైవరసలో ఎడమవైపు ఒక ఎగుడు పన్ను ఉంది, పక్కదాని భుజం మీద చెయ్యేసినట్టు. దాన్ని సరిచేద్దామనుకుంటే టైం చాల్లేదు. అలాగే వదిలేశాడు. చూద్దుం కదా, ఇన్నాళ్లూ జనాన్ని నిలదీసిన ముఖం, ఇప్పుడు 'పిల్లలు బాగున్నారా' అని అడుగుతోంది.

పీఏ వచ్చి తల పక్కకి వంచి చూశాడు. "బాగుంది గానీ, హోదాకి కాస్త ఎక్కువైంది. అరవై శాతానికి తగ్గించు."

తగ్గించాడు.

"ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్నట్టున్నారు. మొదటిదే ఉంచు. ఇంతకీ ఎక్కడ దొరికిందయ్యా ఈ నవ్వు?"

"స్టాకులో ఉంది సార్."

"మంచి స్టాకే. ఇది అతికించిందని మాత్రం బయటికి పొక్కకూడదు. పొక్కిందో, మర్నాటి నుంచి మీ ఆఫీసుకి పనుండదు."

వారం తిరక్కుండా నలభై వేల స్తంభాలు నవ్వాయి. ఆ నవ్వుకి జనం కరిగిపోయారు. ఒక పత్రిక సంపాదకీయమే రాసింది. ఒక ప్రొఫెసరుగారు ఎగుడు పన్ను మీద రెండు కాలమ్‌ల వ్యాసం రాసి, వరసలో ఉంటూనే పక్కవాణ్ణి ఆదుకునే మహోన్నత తత్వం అందులో ఉందని నిరూపించారు. కుళాయిలో నీళ్లు రాకపోయినా కుళాయి పక్కనున్న స్తంభం చూస్తే ధైర్యంగా ఉంటోందని సర్వేలో నూటికి డెబ్భై ఒక్క మంది చెప్పారు. మిగతావాళ్లకి కుళాయిల్లేవు.

మనవాడు రోజూ ఆఫీసుకి వెళ్తూ వస్తూ తన నోటి కింద నుంచే నడిచేవాడు. పదిహేడేళ్లలో తన సొంతదంటూ ఒకటి జనం తలెత్తి చూడటం ఇదే మొదలు. ఎవరితోనైనా చెప్పుకోవాలని కడుపుబ్బిపోయేది. అందరితో అక్కర్లేదు, ఒక్కరితో చెబితే చాలు.

ఆ ఒక్కరూ వంటింట్లో ఉన్నారు. కిటికీకి ఎదురుగానే ఒక స్తంభం ఉంది.

"ఏవండీ, ఆయన నవ్వు చూశారా?" అంది భార్య గిన్నె తోముతూ. "పొద్దున్నుంచీ చేసిన చాకిరీ మర్చిపోతాం. మీరూ ఉన్నారు, ఎప్పుడు చూసినా కరెంటు పోయినట్టు ముఖం పెట్టుకుని."

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆమె తన గురించి అంత గొప్పగా మాట్లాడటం మనవాడెప్పుడూ వినలేదు. తన గురించని ఆమెకి తెలీదు, అంతే తేడా. ఇంకోసారి అనిపించుకోవాలనిపించింది.

"ఏముంది అందులో అంతగా?"

"మీకేం తెలుస్తుంది! ఆ ఎగుడు పన్ను చూడండి, ఎంత ముద్దుగా ఉందో."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసు మెట్ల మీద అర్జంటు సారు, అక్క, తను వరసగా కూర్చున్నట్టు కళ్లకి కట్టింది. మింగేశాడు. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని అద్దంలో ఆ పన్నుని చూసి, "నువ్వు పైకొచ్చేశావు. నేనే ఇక్కడున్నాను" అన్నాడు.

ఇంతలో మంత్రిగారు ఒక బహిరంగ సభకి వెళ్లారు. జనం "నవ్వాలి! నవ్వాలి!" అని కేకలేశారు. ఆయన అలవాటు ప్రకారం చూశారు. ముందు వరసలో పిల్లలు ఏడుపందుకున్నారు. 'పోస్టరుకో మంత్రి, ప్రజలకో మంత్రి?' అని మర్నాడు పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నిపుణుల కమిటీ కూర్చుంది. నలభై వేల పోస్టర్లు మార్చడం కంటే ఒక్క మంత్రిగారిని మార్చడం తేలికని తేల్చింది. పళ్ల డాక్టరుకి కబురెళ్లింది. పోస్టరు చూసి పళ్లు కట్టలేననీ, అసలు నోరు కావాలనీ ఆయన తెగేసి చెప్పాడు.

పీఏ మళ్లీ మెట్లెక్కాడు. "ఏదయ్యా ఆ స్టాకు?"

మనవాడు అక్క వైపు చూశాడు. అక్క ఫ్యాను వైపు చూసింది.

"నేనే సార్," అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నోరు తెరువు."

తెరిచాడు. పీఏ వంగి చూశాడు. పన్ను కనబడగానే చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "సార్, మీరొకసారి డాక్టరుగారి దగ్గరికి దయచెయ్యాలి. కారు కింద ఉంది."

"ఇప్పుడేనా సార్?" అని మనవాడు నోరు మూశాడు. పన్ను మరుగైపోయింది.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడయ్యా, పద!"

మనవాడి పళ్లకి అచ్చు తీశారు. మూడు వారాల్లో మంత్రిగారికి కొత్త పళ్లు అమిరాయి, ఎగుడు పన్నుతో సహా. పెదవులు దించాలన్నా దిగకుండా డాక్టరు ఏదో నైపుణ్యం చూపించాడు. ఇప్పుడాయన ఫైళ్లు నవ్వుతూ తిప్పి పంపుతున్నారు, నవ్వుతూనే సస్పెండ్ చేస్తున్నారు. ఒక సంతాప సభలో కూడా నవ్వారు. ఎంత నిబ్బరమని పత్రికలు మెచ్చుకున్నాయి.

మనవాడు తనకి ఏదో ఒక కృతజ్ఞతా పత్రం వస్తుందనుకున్నాడు. కాయితం వచ్చిన మాట నిజమే. పీఏ స్వయంగా తెచ్చాడు.

"నమూనా దంతాల యజమాని బహిరంగ ప్రదేశాల్లో నవ్వరాదు. కింద సంతకం పెట్టు."

"అదేంటి సార్!"

"ఒకే నవ్వు రెండు ముఖాల మీద కనబడితే భద్రతా సమస్య."

"అది నా నవ్వండీ!"

"మంత్రిగారి దగ్గర నలభై వేల చోట్ల ఉంది. నీ దగ్గర ఒక్కచోటుంది. ఏది అసలుదో నువ్వే చెప్పు."

మనవాడు వేళ్ల మీద లెక్కేశాడు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు తోచింది. కుర్చీ కూడా అటే వాలింది.

"పెట్టు బాబూ, అర్జంటు," అన్నాడు ఓనరు.

"ఇంట్లో నవ్వొచ్చా సార్?"

"ఇంట్లో అభ్యంతరం లేదు. తలుపేసుకో."

ఆ ఒక్కమాట చాలింది. సంతకం పెట్టేసి మనవాడు ఎప్పుడూ లేనిది గంట ముందే ఇంటికి బయల్దేరాడు. వీధి తలుపు గడియ వేశాడు. చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లాడు.

"ఒకసారి ఇటు చూడు."

"ఉండండీ, పొయ్యి మీద పాలున్నాయి."

"పాలు పొంగితే పొంగనీ. నన్ను చూడు."

ఆమె తిరిగింది. మనవాడు తన సర్వీసునంతా తలుచుకున్నాడు, ఆ పూట పెట్టిన సంతకంతో సహా. నవ్వు తన్నుకుంటూ వచ్చింది. అరవై శాతం కాదు, నూటికి నూరు. ఎగుడు పన్ను తళుక్కుమంది.

ఆమె గరిటె కింద పెట్టి దగ్గరికొచ్చింది. అతని ముఖం చూసింది. కిటికీలోంచి స్తంభం చూసింది. మళ్లీ అతన్ని చూసింది. మనవాడు నవ్వు దించలేదు.

"అమ్మో, అచ్చం మంత్రిగారిలాగే చేస్తున్నారే!" అంది బుగ్గలు నొక్కుకుంటూ. "ఎన్నాళ్ల నుంచీ ప్రాక్టీసు?"

"ప్రాక్టీసేంటి! ఇది నాదే. ఆ పన్ను చూడు!"

ఆమె ఇంకాస్త దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి శ్రద్ధగా చూసింది.

"పన్నుతో సహా అన్నీ కుదిరాయి గానీ," అంది, పాలు పొంగుతుంటే పొయ్యి వైపు పరిగెడుతూ, "మీ ముఖానికి అతికించినట్టుందండీ."