ఆరు పండ్ల బిట్టు

అనంతగిరి మీంచి దిగిన మంచు వికారాబాద్ స్టేషన్‌ను సగం మింగేసింది. తాండూరు వెళ్లే రైల్లో కిటికీ పక్కన, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, దేవిక కలగంటోంది. కళ్లు తెరుచుకునే. ఆ పిల్లకు అదొక విద్య. తాండూరులో పాండురంగం సేటు నాపరాళ్ల ఫ్యాక్టరీలో బండల మీద బొమ్మలు చెక్కే కంప్యూటర్ మిషన్ ఉంది. ఏ గీత ఎక్కడ, ఎంత లోతు అని దానికి చెప్పేది దేవికే. అందుకే మంచులో ఒక చెట్టు కనిపించినా, ఒక కొంగ ఎగిరినా, దాన్ని ఏ రంగు బండ మీద చెక్కితే బాగుంటుందా అని ఆలోచిస్తూ ఉండిపోతుంది.

సేటుకు అలాంటి ఆలోచనలు రావు. "గీ మిషన్ కరెంటు తినుడే గని పని లేదు. రేపు పరశురాం నెమలిని జూసి మెచ్చిండా, సరే. లేకుంటే మిషన్ అమ్మేస్త. నువ్వు గూడ వేరే పని జూస్కో బిడ్డా," అని నిన్ననే తేల్చేశాడు. పరశురాం బంట్వారం రైతు. కొత్త ఇంటి ప్రహరీ పొడుగునా నెమళ్లు ఉండాలని ముచ్చటపడి, ముందు ఒకటి చెక్కి చూపించమన్నాడు. సేటు మాట విన్నప్పటి నుంచీ దేవికకు గుండెలో రాయి పడినట్టే ఉంది.

నెమలి కోసం తెప్పించిన కొత్త బిట్టు, అంటే మిషన్‌కు బిగించే చెక్కుడు ములికి, నిన్న ఆమె ఇంటికి బయలుదేరాక వచ్చింది. లావు, పొడుగు సేటు డబ్బా మీద చూసి ఫోనులో చెప్పాడు. ఇక సాఫ్ట్‌వేర్‌లో నింపాల్సింది పండ్లు ఎన్ని, కొన ఎలాంటిది, పూత ఏమిటి అన్నదే. రాతిని కొరికే అంచులను అక్కడ పండ్లనే అంటారు. దేవిక మిషన్ నడిపే ఎల్లప్పకు ఫోన్ చేసింది. కొత్త సామాను దేనికైనా పూజ చెయ్యనిదే ముట్టుకోని మనిషి ఎల్లప్ప. సరిగ్గా అప్పుడే బజారులో అరటిపళ్ల బండి ముందు, పూజకు కొన్న పళ్లు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎల్లప్ప కాకా, పండ్లెన్ని ఉన్నయి?"

చదువుకున్న పిల్లకు కూడా పూజ మీద ఇంత శ్రద్ధ ఉందని ఎల్లప్ప మురిసిపోయాడు. "ఆరున్నయి బిడ్డా."

"కొస ఎట్లున్నది? సూదిగనా, గుండ్రంగనా?"

"గుండ్రంగనే ఉన్నది."

"రంగు?"

"మంచి పసుప్పచ్చ. ఒక్క మచ్చ లేదు."

"అబ్బ! పసుపు పూతదా? అయితే మస్తు గట్టిది!"

"గట్టిగ ఏడున్నయి బిడ్డా, మంచిగ మాగినయి," అన్నాడు ఎల్లప్ప. ఆ మాట కాస్తా రైలు కూతలో కలిసిపోయింది.

దేవిక ఆరు పండ్లు, గుండ్రటి కొన, పసుపు పూత అని నింపేసింది. పండ్లు ఎక్కువైతే బిట్టు అంత జోరుగా పరిగెత్తవచ్చని సాఫ్ట్‌వేర్ లెక్క. కొన గుండ్రంగా ఉంటే గీతలను దూరం దూరంగా గీసినా పర్వాలేదని దాని నమ్మకం. సాఫ్ట్‌వేర్ పాపం ఏ మాట చెబితే ఆ మాట నమ్ముతుంది. దేవిక ఫైలు పంపేసి, మంచులో తేలుతున్న కందిచేల వైపు తిరిగి మళ్లీ కలలో పడింది.

ఆమె చేరేసరికి నెమలి అయిపోయింది కూడా. పరశురాం ముందే వచ్చేశాడని సేటు తొందరపెడితే, ఎల్లప్ప అగరొత్తులు వెలిగించి బటన్ నొక్కేశాడు. సేటు గేటు దగ్గరికే ఎదురొచ్చాడు. "పొద్దుమూకే దాంక పట్టే పని చాయ తాగేలోపట అయిపోయింది బిడ్డా! గోడ మొత్తం వారంల ఇస్తనని పరశురాంకు మాటిచ్చిన!"

దేవికకు ఏదో తేడా కొట్టింది. పరుగున వెళ్లి బిట్టును చూసింది. నల్లగా ఉంది. కొన సూదిలా ఉంది. పండ్లు రెండంటే రెండే.

"కాకా! ఆరు పండ్లన్నవు గద!"

"హౌదు బిడ్డా, ఆరే తెచ్చిన. గదిగో, ప్రసాదం తిను," అంటూ ఎల్లప్ప పళ్లెంలోంచి ఒక అరటిపండు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పరశురాం అప్పటికే ఒకటి తింటున్నాడు.

సేటు హుషారుగా బండ మీద నీళ్లు గుమ్మరించాడు. రాతిపొడి కొట్టుకుపోయింది. నీలం బండ మీద నెమలి తేలింది. దాని ఒంటి నిండా, వెనకాలా, పైనుంచి కిందిదాకా, సూది కొన దూరం దూరంగా గీసిన సన్నటి ఏటవాలు గీతలు.

"ఇదేంది? దువ్వెనతోని దువ్వినట్టున్నది!" సేటు ముఖం నల్లబడింది.

"తప్పు నాదే సేటూ." దేవికకు ఏడుపు తన్నుకొచ్చింది. నెమలి పోయినందుకా, మిషన్ పోతున్నందుకా ఆమెకే తెలియదు. "ఫోన్ల అడిగి నింపిన. కండ్లతోని చూడాల్సింది."

పరశురాం చేతిలోని తొక్క పక్కన పెట్టి, తడి బండను అరచేత్తో మెల్లగా నిమిరాడు. చాలాసేపు నిమిరాడు.

"తప్పేంది బిడ్డా? ఇది వాన గద," అన్నాడు. "మా దిక్కు నెమళ్లకు కొదువ లేదు. వానే లేదు. గోడంత గిట్లనే కావాలె. ఒక్క గీత తక్కువున్నా ఒప్పుకోను."

సేటు క్షణంలో తేరుకున్నాడు. "మరేమనుకున్నవ్ పరశురాం? వాన కోసమే స్పెషల్ బిట్టు తెప్పించిన!" అని గర్వంగా వెనక్కి తిరిగాడు. "ఎల్లప్పా! ఎన్ని పండ్లో జర చెప్పు!"

ప్రసాదం పంచుతున్న ఎల్లప్ప పళ్లెంలోకి తొంగిచూశాడు.

"రెండే మిగిలినయి సేటూ."

ఆ రోజు ఆ బిట్టు గురించి ఎల్లప్ప సరిగ్గా చెప్పిన లెక్క అదొక్కటే.