పిన్ని గొడుగుల దుకాణానికి లింకు సంస్కరణ

వానలు మొదలయ్యేలోగా మా కార్యాలయం పూర్తి చేయవలసిన పనులు ఇవి: వెబ్‌సైట్ల లింకుల్లోని అంకెలు, ప్రశ్నార్థకాలు తొలగించుట, వాటి స్థానే అర్థవంతమైన మాటలు పెట్టుట, మాటకూ మాటకూ మధ్య గీత గీయుట, పాత లింకు నొక్కినవారిని కొత్త లింకుకు దారి మళ్లించుట. ఆఖరిది చిన్న పని కనుక ఆఖరున ఉంచడమైనది.

వెబ్‌సైట్లను సెర్చ్ ఇంజన్‌లో పైకి తేవడం మా వృత్తి. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. చదివించింది గొడుగులు బాగుచేసే మా పిన్ని. ఆమెకు ఏడాది తిండి వానాకాలంలోనే రావాలి. అందుకే ఆమె దుకాణం వెబ్‌సైటును నేనే తెచ్చి డైరెక్టరుగారి చేతుల్లో పెట్టాను.

"దుకాణం ఎలా ఉందన్నది కాదు ముఖ్యం!" అని ఆయన సభలో సెలవిచ్చారు. "లింకు చూడగానే సెర్చ్ ఇంజన్ కళ్లు చెమర్చాలి!"

చెమర్చాలంటే గీత మాటల మధ్యన ఉండాలా, అడుగున ఉండాలా అని కార్యాలయం రెండుగా చీలింది. మధ్యగీత వర్గం అడుగుగీత వర్గంతో కలిసి భోంచేయడం మానేసింది. అదే ఊపులో గదుల అంకెలూ పీకేశాం. నేను పనిచేసే పదిహేడో గది 'మెట్లెక్కగానే-ఎడమవైపు-నీళ్ల-కూలర్-పక్కన' అయింది. కూలర్‌ను కింది అంతస్తుకు మార్చాక సగంమంది కిందికే వెళ్లి పనిచేశారు.

తొలి వాన పడ్డ రోజే పిన్ని దుకాణం లింకు మొదటి స్థానానికి ఎక్కింది. చప్పట్లు మోగాయి. "ఇంకాస్త చక్కదిద్దితే ఇంకా పైకి పోతుంది," అన్నారు డైరెక్టరుగారు. మొదటి స్థానానికి పైన ఏముంటుందని అడిగే హోదా నాది కాదు. అప్పటికప్పుడే లింకు మళ్లీ మార్చాం. సెర్చ్ ఇంజన్ మాత్రం పాతదాన్నే మొదట చూపిస్తూ కూర్చుంది. దారి మళ్లింపు పని ఇంకా జాబితా ఆఖరునే ఉంది.

మర్నాడు పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్ డిగ్రీ, బయట కుండపోత. నా గడపలో ఒక్క పిట్ట వాలితే ఒట్టు! జనం గొడుగులు మానేశారేంట్రా?"

"నువ్వు మొదటి స్థానంలో ఉన్నావు పిన్నీ!"

"ఉన్నాననుకో. ఎక్కడరా?"

దారి మళ్లింపుకు అనుమతి కోరాను. "పాత గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్లతో మనకేం పనయ్యా?" అని డైరెక్టరుగారు కొట్టిపారేశారు.

ఆ సాయంత్రం గాలికి ఆయన గొడుగే తిరగబడి విరిగింది. కార్యాలయం గుమ్మంలో నిలబడి గొడుగులు బాగుచేసే దుకాణం కోసం ఫోనులో వెతికి, మొదటి ఫలితం నొక్కారు. 'ఈ పేజీ లేదు.' ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావటయ్యా, లింకు ఎంత ముచ్చటగా ఉందో!"

"సార్, ఆ దుకాణం రోడ్డుకి అవతలే ఉంది. అదిగో!"

"ఎక్కడుందయ్యా? పేజీయే లేదంటుంటే!" అంటూ దాని ముందునుంచే తడుస్తూ ఇంటికి వెళ్లారు.

పాఠకులు అలాంటివారు కారని నాకు తెలుసు. మొదటి ఫలితం తెరుచుకోకపోతే మీరు ఎంతో ఓపికగా రెండోది కూడా నొక్కుతారు. కనుక మీకొక విన్నపం: వానలో గొడుగు విరిగినప్పుడు ఒక్కసారి ఫోను మీంచి తలెత్తి మా పిన్నిని గుర్తుచేసుకోండి. మా కార్యాలయానికి ఎదురుగా, ఆకుపచ్చ తలుపు. ఆ తలుపును మేమింకా చక్కదిద్దలేదు.